యానిమల్ ఫామ్: అధికారం, అవినీతి, అసమానత గురించి పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

జార్జ్ ఆర్వెల్ రాసిన ఈ చిన్న నవల 1945 ఆగస్టు 17న లండన్‌లో విడుదలైంది. రాజకీయ వ్యంగ్య నవల అనగానే చాలామందికి మొదట గుర్తొచ్చే పేరు ఇదే. కొత్తగా చదివినవాళ్లూ, ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివి మర్చిపోయినవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే సందేహాలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ముగింపుతో సహా కథంతా ఇందులో బయటపడుతుంది. ముందే తెలిస్తే ఆసక్తి పోతుందనుకునేవాళ్లు పుస్తకం చదివి రండి. పది అధ్యాయాలే, ఒక ఆదివారం చాలు.

కథ క్లుప్తంగా ఏమిటి?

ఇంగ్లండ్ పల్లెలో మేనర్ ఫామ్ అనే పొలం ఉంటుంది. యజమాని జోన్స్ తాగుబోతు. ముసలి మేజర్ అనే పంది ఒక రాత్రి జంతువులన్నిటినీ పెద్ద కొట్టంలోకి పిలిచి, మనం చాకిరీ చేస్తుంటే ఫలితమంతా మనిషి ఎత్తుకుపోతున్నాడని చెప్తాడు. మూడు రాత్రులు గడిచాక నిద్రలోనే కన్నుమూస్తాడు. కొన్నాళ్లకు జోన్స్ తాగి పడిపోయి దాణా వెయ్యడం మర్చిపోతాడు. ఆకలికి ఆగలేక జంతువులు తిరగబడి అతన్ని తరిమేస్తాయి. పొలం పేరు యానిమల్ ఫామ్ అవుతుంది. ఏడు ఆజ్ఞలు కొట్టం గోడ మీద రాస్తారు. ఏడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: జంతువులన్నీ సమానం.

తెలివైనవని పేరున్న పందులు పెత్తనం తీసుకుంటాయి. వాటిలో నెపోలియన్, స్నోబాల్ అనే ఇద్దరికి పడదు. నెపోలియన్ రహస్యంగా పెంచిన కుక్కల్ని ఉసిగొల్పి స్నోబాల్‌ను పొలం దాటిస్తాడు. అక్కడినుంచి ఒక్కో ఆజ్ఞా మారుతూ పోతుంది. చివరికి పందులు రెండు కాళ్ల మీద నడుస్తూ, కొరడాలు పట్టుకుని, పక్క పొలాల యజమానులతో కూర్చుని పేకాడుతుంటాయి. కిటికీలోంచి చూస్తున్న మిగతా జంతువులకు ఎవరు పందో ఎవరు మనిషో పోల్చుకోవడం కుదరదు.

ఇది సోవియట్ రష్యా గురించి రాసింది కదా? ఆ దేశమే ఇప్పుడు లేదు, ఇంకా ఎందుకు చదవాలి?

అవును, రష్యా గురించే రాశాడు. జోన్స్ అంటే జార్ చక్రవర్తి, నెపోలియన్ అంటే స్టాలిన్, స్నోబాల్ అంటే స్టాలిన్ దేశం నుంచి వెళ్లగొట్టిన ప్రత్యర్థి నాయకుడు ట్రాట్‌స్కీ, పొలం మీదికి దండెత్తే ఫ్రెడరిక్ అంటే హిట్లర్. చివర్లో పేకాట సన్నివేశం 1943 నాటి టెహ్రాన్ సమావేశానికి సంబంధించింది. స్టాలిన్, చర్చిల్, రూజ్‌వెల్ట్ అక్కడ చేతులు కలిపారని ప్రపంచమంతా మురిసిపోతున్నప్పుడు, ఈ స్నేహం నిలవదని ఆర్వెల్ అనుకున్నాడు. అందుకే ఆ ఆటలో నెపోలియన్, పక్క పొలం పిల్కింగ్టన్ ఇద్దరూ ఒకేసారి ఇస్పేటు ఆసు వేస్తారు. గొడవ అక్కడే మొదలవుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జంతువులు చెమటోడ్చి కట్టుకున్న గాలిమరను శత్రువులు పేల్చేసినప్పుడు జంతువులన్నీ నేల మీద బోర్లా పడతాయి. మొదట నెపోలియన్ కూడా పడినట్టే రాశాడు ఆర్వెల్. పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు, నెపోలియన్ తప్ప మిగతావన్నీ పడ్డాయని మార్పించాడు. జర్మన్ సైన్యం మాస్కో దగ్గరికి వచ్చినప్పుడు స్టాలిన్ ఊరు విడిచిపోలేదు, ఆ న్యాయం అతనికి దక్కాలి అన్నాడు. ఏళ్ల తరబడి ఎవరిని విమర్శించాడో ఆ మనిషి విషయంలోనే ఇంత జాగ్రత్తపడ్డాడు. వ్యంగ్యం రాసే ప్రతివాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక ఇప్పుడెందుకు అంటే, చదివినవాళ్లు ఎప్పుడూ దీన్ని ఒక దేశానికి కట్టెయ్యలేదు. 1947లో ఉక్రేనియన్ అనువాదం వచ్చినప్పుడు, జర్మనీలోని శరణార్థి శిబిరాల్లో తలదాచుకున్నవాళ్లు చదివారు. 2001లో జింబాబ్వేలో ఒక దినపత్రిక సీరియల్‌గా వేసింది. అక్కడి పాఠకులకు టెహ్రాన్ సమావేశం సంగతి ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

పందులు సరిగ్గా ఎక్కడ చెడిపోయాయి?

నన్నడిగితే, తెలుగులో ఈ పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు అందరూ దాటేసే ప్రశ్న ఇదే. చాలామంది కుక్కలు స్నోబాల్‌ను తరిమిన చోటు చూపిస్తారు. కొందరు ఏడో ఆజ్ఞ మారిన చోటు చూపిస్తారు. అసలు చోటు అంతకు చాలా ముందే, రెండో అధ్యాయం చివర్లో ఉంది.

జోన్స్‌ను తరిమిన మర్నాడు. ఆవుల్ని పితికి ఇరవై నాలుగు గంటలు దాటింది, పొదుగులు పగిలిపోయేలా ఉన్నాయి. పందులు బకెట్లు తెప్పించి తంటాలు పడి పితుకుతాయి. ఐదు బకెట్ల నిండా నురగ కట్టిన పాలు. ఈ పాలన్నీ ఏం చేద్దాం అని ఎవరో అడుగుతారు. జోన్స్ అప్పుడప్పుడూ మా దాణాలో కాస్త కలిపేవాడు అని ఒక కోడిపెట్ట అంటుంది. నెపోలియన్ వచ్చి ఆ బకెట్ల ముందు నిలబడతాడు. పాల సంగతి తర్వాత చూద్దాం, ముందు గడ్డి కోత కానివ్వండి అంటాడు. అందరూ హుషారుగా పొలానికి పోతారు. సాయంత్రం వచ్చి చూస్తే పాలు లేవు. అధ్యాయం అక్కడితో అయిపోతుంది.

పాలు పందుల దాణాలోకే పోతున్నాయని తర్వాతి అధ్యాయంలో తెలుస్తుంది. రాలిన ఆపిల్ పండ్లు కూడా తమకే అంటాయి. మాట నేర్పున్న స్క్వీలర్ అనే పంది వచ్చి నచ్చజెప్తాడు: మాలో చాలామందికి పాలంటే ఇష్టమే లేదు, మీ కోసమే తాగుతున్నాం, తెలివితో పనిచేసేవాళ్లకు ఇవి అవసరమని సైన్స్ చెప్తోంది, మేం నీరసపడితే జోన్స్ మళ్లీ వస్తాడు. జోన్స్ పేరు వినగానే అందరి నోళ్లూ మూతపడతాయి.

అవినీతి ఎలా పుడుతుందో ఇంత చిన్న సన్నివేశంలో ఇంత వివరంగా చూపించిన రచన నేను ఇంకోటి చదవలేదు. తీసుకున్నది చిన్నది, అడగడానికి మొహమాటపడేంత చిన్నది. అడిగేలోపే వేరే అర్జెంటు పని ముందుకొస్తుంది. తీసుకున్నాక దానికి అవసరం అనే పేరు పడుతుంది. ఆ పేరు కూడా చాలకపోతే పాత యజమాని భయం ఉండనే ఉంది. ఆర్వెల్ 1946లో అమెరికన్ సంపాదకుడు డ్వైట్ మెక్‌డొనాల్డ్‌కు రాసిన ఉత్తరంలో, పందులు పాలు, ఆపిల్స్ తమకే ఉంచుకున్న చోటే కథకు మలుపు అని స్వయంగా చెప్పాడు. అప్పుడే మిగతా జంతువులు గట్టిగా నిలబడి ఉంటే అంతా బాగుండేదని కూడా రాశాడు.

నెపోలియన్ బదులు స్నోబాల్ గెలిచి ఉంటే?

స్నోబాల్ చురుకైనవాడు, కమిటీలు పెడతాడు, గాలిమరకు ప్లాన్ గీస్తాడు, యుద్ధంలో దెబ్బ తగిలినా వెనక్కి తగ్గడు. పాఠకులకు అతని మీద ప్రేమ పుట్టడం సహజం. కానీ పాలూ ఆపిల్సూ పందులకే అన్న విషయంలో ఇద్దరూ ఒక్కటే అని పుస్తకంలో స్పష్టంగా ఉంది. మిగతా ఏ విషయంలోనూ వాళ్లిద్దరికీ కుదరలేదు, ఇక్కడ మాత్రం కుదిరింది. ఆ ఒక్క వాక్యం మీద ఆగి చదవండి. మంచి నాయకుడు దొరికితే చాలు అన్న ఆశ ఆర్వెల్‌కు లేదని అక్కడే తేలిపోతుంది.

గోడ మీద ఆజ్ఞలు మారుతుంటే ఎవరూ గమనించలేదా?

గమనించారు. గమనించి, తమ జ్ఞాపకాన్నే అనుమానించారు. అది ఎలా జరిగిందో చూడాలి.

పందులు జోన్స్ ఇంట్లోకి మారి మంచాల మీద పడుకుంటున్నాయని తెలుస్తుంది. క్లోవర్ అనే ఆడ గుర్రానికి, మంచం మీద పడుకోకూడదని ఆజ్ఞ ఉన్నట్టు లీలగా గుర్తు. గోడ దగ్గరికి వెళ్తుంది. అక్షరాలు విడివిడిగా తెలుసు కానీ కూడబలుక్కుని చదవడం రాదు. మ్యూరియల్ అనే మేకను తీసుకొచ్చి చదివిస్తుంది. దుప్పట్లు పరిచిన మంచం మీద పడుకోకూడదు అని ఉంది. దుప్పట్ల మాట ఉన్నట్టు క్లోవర్‌కు గుర్తులేదు. కానీ గోడ మీద ఉంది కాబట్టి ఉండే ఉంటుంది అనుకుంటుంది.

వరస ఎప్పుడూ ఇదే. ముందు పని జరుగుతుంది. తర్వాత గోడ మారుతుంది. ఆ తర్వాత, మీరే మర్చిపోయారు అని చెప్తారు. ఏ జంతువూ మరో జంతువును చంపకూడదు అన్న చోట కారణం లేకుండా అన్న మాట చేరింది. మద్యం తాగకూడదు అన్న చోట అతిగా అన్న మాట చేరింది. ఒక్కోసారి ఒక్క మాట, అంతే.

ఆ మద్యం మార్పు జరిగిన రాత్రి సన్నివేశం గొప్పగా ఉంటుంది. అర్ధరాత్రి పెద్ద చప్పుడు వినిపించి జంతువులు బయటికి పరిగెత్తుకొస్తాయి. వెన్నెల రాత్రి. ఆజ్ఞలున్న గోడ కింద నిచ్చెన రెండు ముక్కలై పడి ఉంది. దాని పక్కన స్క్వీలర్ దిమ్మెరపోయి పడున్నాడు. చేతికందేంత దూరంలో లాంతరు, బ్రష్షు, ఒలికిపోయిన తెల్ల పెయింటు డబ్బా. దొంగ రెడ్ హ్యాండెడ్‌గా దొరికాడు. అయినా ఎవరికీ ఏమీ అర్థం కాదు, గాడిద బెంజమిన్‌కు తప్ప. అతను తెలుసన్నట్టు తల పంకిస్తాడు, ఒక్క మాట కూడా అనడు.

చదువొచ్చిన జంతువులూ ఉన్నాయి కదా, అవెందుకు ఆపలేదు?

మూడో అధ్యాయంలో ఎవరికి ఎంత చదువు వచ్చిందో ఆర్వెల్ ఒక పట్టీలా ఇస్తాడు. హడావుడిగా చదివితే సరదా వివరంలా అనిపిస్తుంది కానీ, పొలంలో అసమానత ఎలా ఏర్పడిందో అంతా అక్కడే ఉంది. పందులకు చదవడం రాయడం పూర్తిగా వచ్చు. కుక్కలకు బాగానే వచ్చు, కానీ ఆజ్ఞలు తప్ప ఇంకేమీ చదవాలని లేదు. మ్యూరియల్ చెత్తకుప్పలో దొరికిన పేపర్ ముక్కలు కూడా చదివి పదిమందికీ వినిపిస్తుంది. క్లోవర్‌కు అక్షరమాల వచ్చు, పదాలు రావు. బాక్సర్ అనే బండి గుర్రం నాలుగో అక్షరం దాటలేడు. మోలీ అనే గుర్రం తన పేరులోని అక్షరాలు నేర్చుకుని చాలించింది. గొర్రెలకు, కోళ్లకు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. వాటి కోసం ఏడు ఆజ్ఞల్ని ఒక్క నినాదానికి కుదించారు: నాలుగు కాళ్లు మంచివి, రెండు కాళ్లు చెడ్డవి.

ఇక బెంజమిన్. పందులతో సమానంగా చదవగలడు, కానీ చదవడు. చదవదగ్గది ఏమీ లేదంటాడు. ఎవరైనా అడిగితే, గాడిదలు చాలాకాలం బతుకుతాయి, చచ్చిన గాడిదను మీరెవరూ చూడలేదు అని ఒక గూఢమైన మాట వదుల్తాడు. చాలామంది విమర్శకులు అతన్ని జ్ఞాని అంటారు, ఆర్వెల్‌కు అతనే దగ్గర అంటారు. నాకు మాత్రం ఈ కథలో నెపోలియన్ తర్వాత ఎక్కువ బాధ్యత అతనిదే అనిపిస్తుంది. గొర్రెలకు తెలియదు. బాక్సర్ నమ్మాడు. బెంజమిన్‌కు తెలుసు, నమ్మలేదు, నోరు విప్పలేదు. అతను నోరు విప్పింది ఒక్కసారే. అప్పటికి ఆలస్యమైపోయింది.

బాక్సర్ కథ ఎందుకు అంతగా కలచివేస్తుంది?

ఎందుకంటే పొలంలో సంపద ఎవరి ఒంటి కష్టమో అతని ద్వారా తెలుస్తుంది. రెండు మామూలు గుర్రాలంత బలం అతనొక్కడిది. గాలిమరకు రాళ్లు లాగింది అతనే. అందరికంటే ముందు లేపమని కోడిపుంజుకు చెప్పి పెట్టుకుంటాడు. ఏ కష్టమొచ్చినా అతని దగ్గర రెండే మాటలు: ఇంకా కష్టపడతాను, నెపోలియన్ ఎప్పుడూ కరెక్టే.

తిరుగుబాటు మొదటి రోజుల్లో రిటైర్మెంట్ నియమాలు పెట్టుకున్నారు. గుర్రానికి పన్నెండేళ్లు. రోజుకు ఐదు పౌన్ల ధాన్యం, చలికాలంలో పదిహేను పౌన్ల ఎండుగడ్డి, పండగ రోజున ఒక క్యారెట్టో ఆపిలో. ముసలి జంతువుల కోసం ఒక మూల పచ్చిక బీడు కేటాయిస్తామన్నారు. బాక్సర్ ఆ వయసు దగ్గర పడుతుండగా కూలబడిపోతాడు. అప్పటికే ఆ బీడును దున్ని బార్లీ వెయ్యాలని పందులు నిర్ణయించేశాయి. ఆ బార్లీ బీరు కాచడానికి. తర్వాత పందులకు రోజుకొక పింటు బీరు రేషన్ కూడా మొదలవుతుంది.

బాక్సర్‌ను పట్నం ఆసుపత్రికి పంపిస్తున్నామని చెప్తారు. వ్యాన్ వస్తుంది. జంతువులన్నీ చుట్టూ చేరి వీడ్కోలు చెప్తుంటాయి. అప్పుడు బెంజమిన్ గంతులేస్తూ అరుస్తాడు, మూర్ఖులారా, ఆ వ్యాన్ మీద ఏం రాసుందో కనబడట్లేదా అని. మ్యూరియల్ కూడబలుక్కుని చదవబోతే ఆమెను పక్కకు నెట్టి తనే చదువుతాడు. గుర్రాల కబేళా, జిగురు తయారీ, తోళ్ల వ్యాపారం. లోపల బాక్సర్ డెక్కలతో కొట్టిన చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోతుంది. ఒకప్పుడు నాలుగు తన్నులతో ఆ వ్యాన్ తుక్కైపోయేది. ఆ బలమంతా గాలిమరకే ఖర్చయిపోయింది.

రెండు మూడు రోజుల తర్వాత స్క్వీలర్ వచ్చి, ఆ వ్యాన్ అంతకుముందు కబేళాదేననీ, పశువుల డాక్టర్ కొన్నాడనీ, పాత పేరు ఇంకా చెరిపించలేదనీ చెప్తాడు. నమ్ముతారు. ఊరటపడతారు కూడా. బాక్సర్ సంతాప విందు అని చెప్పిన రోజు పందుల ఇంటికి ఒక పెద్ద చెక్కపెట్టె వస్తుంది. ఎక్కడినుంచో డబ్బు దొరికి పందులు ఇంకో పెట్టె విస్కీ కొన్నాయని అందరూ అనుకున్నారు, అంతటితో అధ్యాయం ముగుస్తుంది. ఆ డబ్బు ఎక్కడిదో ఆర్వెల్ చెప్పడు. లెక్క కట్టుకునే పని మనకే వదిలేశాడు.

స్క్వీలర్ చదివే లెక్కల సంగతేంటి?

ప్రతి ఆదివారం పొడుగాటి కాగితం పట్టుకుని, ఉత్పత్తి రెండొందల శాతం, మూడొందల శాతం, ఐదొందల శాతం పెరిగిందని చదువుతాడు. తిండి తగ్గించినప్పుడు తగ్గింపు అనడు, సర్దుబాటు అంటాడు. తిరుగుబాటుకు ముందు ఎలా ఉండేదో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు కాబట్టి పోల్చుకోవడానికి ఆధారం లేదు. అంకెలు తగ్గినా ఫర్వాలేదు, కాస్త తిండి పెరిగితే బాగుండు అని మాత్రం వాటికి అప్పుడప్పుడూ అనిపించేది.

ఎవరూ ఎదురు తిరగలేదా?

కోడిపెట్టలు తిరిగాయి. వారానికి 400 గుడ్లు బయట అమ్మడానికి నెపోలియన్ ఒప్పందం చేసుకుంటే, అవి దూలాల మీదికెక్కి గుడ్లు పెట్టి కిందపడి పగిలిపోయేలా చేశాయి. నెపోలియన్ వాటి దాణా ఆపించాడు. ఐదు రోజులు నిలబడ్డాయి. తొమ్మిది కోళ్లు చనిపోయాయి. జబ్బు చేసి పోయాయని ప్రకటించారు. పుస్తకంలో ఈ ఘట్టం ఒక్క పేరాలో అయిపోతుంది, చర్చల్లో అసలు రాదు. వచ్చి తీరాలి. పొలంలో అందరికంటే చదువు తక్కువ ఉన్నవాటిలో ఉన్న ఆ కోళ్లే, చదువొచ్చిన గాడిద చెయ్యని పని చేశాయి.

ఆర్వెల్ సోషలిజానికి వ్యతిరేకా?

కాదు. 1936 తర్వాత తను రాసిన ప్రతి వాక్యం నియంతృత్వానికి వ్యతిరేకంగా, ప్రజాస్వామ్య సోషలిజం కోసమే అని ఆయన స్వయంగా రాసుకున్నాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులకు ఎదురు నిలిచి పోరాడి, 1937లో గొంతులో తూటా దెబ్బ తిన్నాడు. అదే స్పెయిన్‌లో, తనతో కలిసి పోరాడినవాళ్లను స్టాలిన్ మనుషులు ద్రోహులని ముద్ర వేసి వేటాడటం చూశాడు. అక్కడినుంచి ప్రాణాలతో బయటపడటమే గగనమైంది. ఆ అనుభవంలోంచే ఈ పుస్తకం వచ్చింది.

బ్రిటిష్ సామ్రాజ్యం సంగతి కూడా ఆయనకు లోపలినుంచే తెలుసు. పుట్టింది మన బీహార్‌లోని మోతీహారిలో, 1903లో. తండ్రి అప్పటి ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. తనేమో 1922 నుంచి ఐదేళ్లు బర్మాలో పోలీసు అధికారిగా చేశాడు. పాలించే వర్గంలో పుట్టి, ఆ ఉద్యోగం వదిలేసి వచ్చినవాడు.

కథ ఎలా తట్టిందో ఉక్రేనియన్ ముందుమాటలో చెప్పాడు. ఒక పల్లె దారిలో పదేళ్ల పిల్లవాడు పెద్ద బండి గుర్రాన్ని కొరడాతో అదిలిస్తూ తోలుకెళ్లడం చూశాడట. ఈ జంతువులకు తమ బలం తెలిస్తే మనం వాటినేమీ చెయ్యలేం కదా, ధనికులు కూలీలను వాడుకునేది కూడా ఇలాగే కదా అనుకున్నాడట. ఇది పేదవాళ్ల పక్షాన నిలబడినవాడికి వచ్చే ఆలోచన.

తెలివైనవాళ్లు పాలించడం సహజమే కదా? మంచి పందులుంటే సరిపోయేది కదా?

కవి టి.ఎస్. ఎలియట్ సరిగ్గా ఇదే అన్నాడు. 1944లో ఫేబర్ ప్రచురణ సంస్థ తరఫున నవలను తిప్పి పంపుతూ, పందులే తెలివైనవి కాబట్టి పొలం నడపడానికి అవే తగినవి, కావాల్సింది ప్రజాహితం కోరే పందులు అని రాశాడు. అంత పెద్ద కవి ఈ పుస్తకాన్ని ఇలా చదివాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తెలివైనవాళ్లం కాబట్టి పాలు మాకే అన్న స్క్వీలర్ వాదనను ఆయన సగం ఒప్పేసుకున్నాడు. ఆర్వెల్ చెప్పింది వేరు. జనం కళ్లు తెరుచుకుని ఉండి, పని అయిపోగానే నాయకుల్ని దించెయ్యడం తెలిస్తేనే మార్పు నిలుస్తుందని మెక్‌డొనాల్డ్‌కు రాసిన ఆ ఉత్తరంలోనే అన్నాడు.

అచ్చు వెయ్యడానికి ఎందుకంత కష్టమైంది?

యుద్ధం నడుస్తోంది, రష్యా బ్రిటన్‌కు మిత్రదేశం. ప్రచురణకర్తల్లో విక్టర్ గొలాంజ్ కాదన్నాడు. జొనాథన్ కేప్ మొదట సరేనని, సమాచార శాఖ అధికారి ఒకరు వద్దని సలహా ఇచ్చాక వెనక్కి తగ్గాడు. ఆ సలహా ఇచ్చింది పీటర్ స్మాలెట్ అనీ, అతను సోవియట్ ఏజెంటనీ తర్వాత బయటపడింది. ఇంతలో 1944 జూన్‌లో జర్మన్ బాంబు పడి ఆర్వెల్ ఇల్లు దెబ్బతింది, రాతప్రతిని శిథిలాల్లోంచి వెతికి తియ్యాల్సి వచ్చింది. చివరికి సెకర్ అండ్ వార్బర్గ్ సంస్థ వేసింది, మొదటి ముద్రణ 4,500 ప్రతులు. పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించలేదని గమనించండి. ప్రచురణకర్తలే ముందుగా భయపడ్డారు. ఆర్వెల్‌కు ఎక్కువ కోపం తెప్పించింది అదే.

ఈ కథలో లోపాలేమీ లేవా?

ఒకటి పెద్దదే ఉంది. జంతు కథ కావడంతో తెలివిలో తేడా పుట్టుకతోనే వచ్చినట్టు కనిపిస్తుంది. గుర్రం గుర్రమే, పంది పందే. బాక్సర్ ఎంత ప్రయత్నించినా నాలుగో అక్షరం దాటలేడు, అది అతని జాతి గుణం అన్నట్టు ఉంటుంది. మనుషుల్లో అలా ఉండదు. చదువు రానివాళ్లు పుట్టుకతో రానివాళ్లు కాదు, వాళ్లను చదువుకోనివ్వకపోవడం వల్లే రాలేదు. కులం పేరుతో తరతరాలు అక్షరాన్ని అడ్డుకున్న మన దేశంలో ఈ తేడా చెప్పకుండా ఈ పుస్తకాన్ని పాఠంగా చెప్పడం తప్పు అని నా అభిప్రాయం.

దీనికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సాక్షరతా కార్యక్రమం నడిచింది. పగలంతా కూలికెళ్లి, రాత్రిపూట పలకలు పట్టుకున్న ఆడవాళ్లు సారా వల్ల ఒక సంసారం ఎలా పాడైందో చెప్పే సీతమ్మ కథ పాఠంగా చదువుకున్నారు. చదివి ఊరుకోలేదు, ఇది మన కథే కదా అని మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. సారా వేలం పాటల వెనకున్న డబ్బు, రాజకీయ బలం సామాన్యమైనవి కావు. అక్షరాలు అప్పుడే దిద్దుకుంటున్న ఆడవాళ్లు వాటికి ఎదురు నిలిచారు. ఆర్వెల్ పొలంలో ఇలాంటి అధ్యాయం లేదు. కథలో క్లోవర్‌కు చదవడం వచ్చే రోజు రాదు.

మన రాజకీయాల్లో నెపోలియన్ ఎవరు? ఏ పార్టీని ఉద్దేశించి చదవాలి?

ఈ ఆట ఆడొద్దని మనవి. ప్రతి పార్టీ అభిమానీ ఎదుటి పార్టీ నాయకుణ్ణే నెపోలియన్ చేస్తాడు, తన నాయకుడి పాల బకెట్లు కనబడవు. దానికంటే పొలంలో జరిగిన పద్ధతుల్ని పోల్చి చూడండి. లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంది? దాన్ని చూసే హక్కు ఎవరికుంది? అందరూ ఓటేసి నిర్ణయించే ఆదివారం సమావేశాలు ఎప్పుడు రద్దయ్యాయి? పొలంలో ఓటింగు ఆగిపోయింది స్నోబాల్‌ను తరిమిన రోజే.

మన దగ్గర ఈ విషయంలో మంచి ప్రయత్నం ఒకటి జరిగింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఎవరి పేరు మీద ఎన్ని రోజుల పని రాశారో, ఎంత కూలి ఇచ్చినట్టు చూపించారో ఊరి జనం ముందు బిగ్గరగా చదువుతారు. ఆ రోజుల్లో నేను పనికే పోలేదే అని అక్కడే ఎవరో లేచి నిలబడతారు. చదవడం రానివాళ్లు కూడా విని తప్పు పట్టుకోగలరు. అన్ని చోట్లా ఇది ఒకేలా జరగలేదు, దొరికిన సొమ్మంతా వసూలు కాలేదు. అయినా గోడ మీద రాతను పదిమందిలో పైకి చదవడం ఎంత పెద్ద పనో ఈ నవల చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలతో చదివించొచ్చా?

పన్నెండు, పదమూడేళ్లు దాటినవాళ్లతో చదివించొచ్చు. ఏడో అధ్యాయంలో హత్యలున్నాయి, బాక్సర్ ఘట్టంలో ఏడుస్తారు. పక్కన పెద్దవాళ్లు ఉంటే మంచిది. రష్యా చరిత్ర ముందే చెప్పొద్దు. మొదటిసారి కథగా చదవనివ్వండి, రెండోసారి చరిత్ర చెప్పండి. ఆర్వెల్ కూడా దీనికి అద్భుత కథ అనే ఉపశీర్షిక పెట్టాడు.

తెలుగులో దొరుకుతుందా?

దొరుకుతుంది. పశువుల దివాణం పేరుతో వచ్చిన పాత అనువాదం ఉంది. ఇంగ్లీషు కాస్త వచ్చినవాళ్లు మాత్రం మూలాన్నే ప్రయత్నించండి. వాక్యాలు చిన్నవి, మాటలు తేలిక. డిక్షనరీ పెద్దగా అవసరం పడదు.

సినిమా చూస్తే సరిపోదా?

1954లో ఇంగ్లండ్‌లో తీసిన కార్టూన్ సినిమా ప్రసిద్ధమైంది. బొమ్మలు బాగుంటాయి, బాక్సర్ దృశ్యాలు ఇంకా బాగుంటాయి. కానీ దాని వెనక డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది. ముగింపు మార్చేశారు. సినిమాలో జంతువులు మళ్లీ తిరగబడి పందుల ఇంటి మీదికి వెళ్తాయి. పందులతో సమానంగా మనుషుల్ని కూడా దోషులుగా నిలబెట్టిన ఆ పేకాట దృశ్యం అందులో లేదు. కమ్యూనిస్టుల మీద కోపం మిగిలింది, పక్క పొలాల పెద్దమనుషుల మీద ఆర్వెల్‌కున్న కోపం మాయమైంది. అధికారాన్ని విమర్శించే పుస్తకాన్ని ఇంకో అధికారం తనకు కావాల్సినట్టు కత్తిరించుకుంది. 1950 జనవరిలోనే చనిపోయిన ఆర్వెల్‌కు దీన్ని అడ్డుకునే అవకాశం లేదు. పుస్తకం చదివాక సినిమా చూడండి, చివరి పది నిమిషాలు పక్కపక్కన పెట్టి పోల్చండి.